కట్టినవారు, కట్టించినవారు

శ్రీశైలమునకు నేడు రెండు విధములుగా పోవచ్చును. మొదటిది బస్సుల దారి. దోర్నాలనుండి గాని, మన్ననూరు మీదుగా గాని ఘాటురోడ్డున మెలికలు తిరుగుచు పోయి, కొన్ని గంటలలోనే యాత్రికుని గుడిముంగిట దింపివేయును. రెండవది కాలిదారి. ఆత్మకూరు దాటి, వెంకటాపురము కడ అడవి జొచ్చి, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము అను మజిలీలమీదుగా పర్వతమును జేరును. తరతరములుగా జనులు నడచి నడచి అరుగదీసిన దారులలో నిది యొకటి. ఇప్పుడా యడవి పులుల సంరక్షణమునకై యేర్పడిన ప్రదేశమగుటచే, శివరాత్రి, ఉగాది దినములలోనే యాత్రికులను ఆ దారిని విడుచుచున్నారు. బస్సులో నాలుగైదు మారులు పోయివచ్చిన మేము మొన్నటి శివరాత్రికి కాలిదారిన బోవ నిశ్చయించితిమి. మా పాఠశాలయందలి పెద్దతరగతి పిల్లలు పదుగురును, తోడి యుపాధ్యాయు లిద్దరును మా వెంట వచ్చిరి. గుడిని ఇంతకుముందే చూచినాము. ఈ మారు దారిని జూడవలెనని మా కోరిక.

నాగలూటి కడ వీరభద్రుని గుడి యున్నది. అచ్చటినుండి రాతిమెట్లు మొదలగును. అవి రెడ్డిరాజులనాటివని ఆ ప్రాంతమువా రందురు. మాఘమాసపు ఎండ అప్పుడే చురుక్కు మనుచుండెను. వెదుళ్లు, నల్లమద్దులు ఆకు రాల్చి, దారి పొడుగున గలగల మనుచుండెను. సద్దిమూటలు నెత్తిన బెట్టుకొన్న స్త్రీలు, చంకబిడ్డలతో తల్లులు, ఊతకర్రలతో ముదుసలులు, కాళ్లు బొబ్బలెక్కిన పడుచువారు, అందరు ఒక్క కేకతో మెట్లెక్కుచుండిరి: "చేదుకో మల్లన్నా!"

ఈ మాట విననివారు తెలుగుదేశమున నుండరు. కాని మెట్లమీద ఆయాసపడుచు విన్నపుడు దాని యర్థము మాకు క్రొత్తగా దోచెను. చేదుకొనుట యనగా బావిలోని నీటిని త్రాట లాగుకొనుట. కొండ యెక్కువాడు తా నెక్కుచున్నానని చెప్పికొనుట లేదు. పైనున్న దేవుడు తన్ను బావిలోని చేదవలె లాగుకొనుచున్నాడని చెప్పుచున్నాడు. పాదములు తనవి, చెమట తనది, ఆయాసము తనది. క్రియకు కర్త మాత్రము మల్లన్న. ఇది భక్తికి సొంపే. అయినను ఆ మాటను మనసున బెట్టుకొనియే మేము ముందునకు సాగితిమి.

భీమునికొలను కడ దారి లోతైన లోయలోనికి దిగి, మరల నావలి గట్టున నిటారుగా నెక్కును. ఈ దారిలో కష్టమంతయు నక్కడనే యున్నది. ద్రౌపది దప్పికొన్నపుడు భీముడు గదతో కొట్టి నీరు తెప్పించెనని ఆ కొలనునకు కథ. మేము మెట్లమీద కూలబడి సేదదీరుచుండగా ఒక ముదుసలి యాత్రికుడు మా పిల్లలతో, "ఈ మెట్లు గూడ భీముడు ఒక్క రాత్రిలో వేసినాడు నాయనా, మనుషులతో అయ్యే పనేనా ఇది?" అని చెప్పుచుండెను. మాలోని ఉపాధ్యాయుడు నిద్రలేచెను. "భీముడు గాదు తాతా, కాకతీయ రాజ్యము 1323లో కూలిన పిమ్మట అద్దంకి రాజధానిగా నేలిన ప్రోలయవేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును మెట్లు గట్టించెను. విజయనగరమేలిన రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు గట్టించెను" అని మేము చెప్పితిమి. ముసలాయన మర్యాదగా తలయూపి, మరల భీమునే స్మరించెను.

అప్పుడు మా పిల్లలలో నొకడు, రాతిపని చేయు కుటుంబములోనివాడు, మెట్టు అంచును వ్రేలితో తడుముచు, "సార్, ఈ రాయి యాడినుంచో తెచ్చింది కాదు. ఈడ కొట్టిందే. ఈ అంచున ఉలిగుంతలు చూడండి, వరసగా ఉన్నాయి. మా నాయన గూడా ఇట్లే కొడ్తాడు" అని చెప్పి, "వేమారెడ్డి కట్టించినాడంటిరి గదా, కట్టిందెవరు సార్?" అని యడిగెను.

మేము ఇరువది యేండ్లుగా చరిత్ర పాఠము చెప్పుచున్నాము. అదే మాటను, "గట్టించెను" అను మాటను, ఎన్ని వందల మారులు నల్లబల్లమీద వ్రాసితిమో లెక్క లేదు. చెరువు త్రవ్వించెను, గుడి యెత్తించెను, మెట్లు గట్టించెను. వ్యాకరణ పాఠములో ఇవి ప్రేరణక్రియలని చెప్పుదుము; చేయువాడొకడు, చేయించువా డింకొకడని విప్పి చెప్పుదుము. చరిత్ర పాఠములోనికి రాగానే ఆ వివేకమును మరచిపోవుదుము. ఆ పిల్లవాని ప్రశ్నకు మావద్ద జవాబు లేదు. ముసలాయన మనుష్యుల కష్టమును భీమునికి గట్టిపెట్టెను. మేము దానిని రాజునకు గట్టిపెట్టితిమి. ఇరువురిలో నెవరి పొరపాటు చిన్నదో చెప్పజాలము.

ఈ పర్వతముయొక్క చరిత్ర పొట్టిది కాదు. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో పులుమావి రాజ్యకాలమున గౌతమీబాలశ్రీ నాసికగుహలో చెక్కించిన ప్రాకృతశాసనమున, తన కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణి యేలిన పర్వతముల పేళ్లలో 'సిరిటన' యున్నది; అది శ్రీశైలమే యని పండితులు తలచిరి. ఇక్ష్వాకుల శాసనములలోని శ్రీపర్వతము మాత్రము నాగార్జునకొండ కడనున్న బౌద్ధక్షేత్రము. పేరొకటే యని రెండింటిని కలుపరాదు. విష్ణుకుండిరాజులు తమ్ము శ్రీపర్వతస్వామి పాదములను ధ్యానించువారినిగా చెప్పుకొనిరి. బాణుడు కాదంబరిలో శ్రీపర్వతపు వింతలను బేర్కొనెను. భవభూతి మాలతీమాధవములో కాపాలికుల సిద్ధులకు దానిని నెలవుగా జూపెను. 12వ శతాబ్దిలో కన్నడదేశమునుండి అక్కమహాదేవి ఈ కొండకు నడచి వచ్చెను. 1677లో శివాజీ దక్షిణదిగ్విజయమునకు వచ్చి యిచ్చట నాగెను. ఉత్తరగోపురమును ఆతని పేరనే పిలుచుచున్నారు.

ఇట్టి ఖ్యాతిగల కొండకు దారి వేయించిన రాజు వట్టి భక్తుడే కాడు, రాజనీతిజ్ఞుడును. ఓరుగల్లు పడిపోయి దేశము చెదరియున్న కాలమున, క్రొత్తగా దొర యైనవాడు తన యేలుబడిని జనులకు దెలుపుటకు యాత్రల దారులు బాగుచేయించుటకంటె మంచి యుపాయము లేదు. కోటనుండి చూచిన వేమారెడ్డి సరిహద్దువరకే దొర; మెట్లమీద నడచినవారికి ఎచ్చటివారికైనను ధర్మాత్ముడు. ఎఱ్ఱాప్రెగడచేత హరివంశమును గృతినందిన చేతులతోనే అడవికొండలలో మెట్లు వేయించుటయందు ఆతని దూరదృష్టి కానవచ్చుచున్నది. అటుపిమ్మట విజయనగరపు రాయలు ముఖమంటపమును వెలయించిరి. కృష్ణదేవరాయలు రథవీధిలో మంటపముల నెత్తించెను. వీరి యుపకారమును కాదనుట కృతఘ్నత యగును.

కాని కట్టించిన దంతయు పూజ్యము గాదని ఈ కొండయే నేర్పుచున్నది. అదే రెడ్డిరాజులలో అనవేమారెడ్డి శకవర్షము 1299లో, అనగా 1377లో, మల్లికార్జునుని సన్నిధిని వీరశిరోమంటపమును గట్టించెను. వీరులు అచ్చట తలలను, నాలుకలను తెగగోసికొని దేవునకు సమర్పించుచుండిరని శాసనమువలన దెలియుచున్నది. శాసనము దానిని వీరకృత్యమని మెచ్చుకొన్నది. మెట్లు వేయించిన వంశమే మంటపము నెత్తించినది. ఒకటి జీవులను దేవుని యొద్దకు జేర్చుటకు, ఇంకొకటి జీవమును దేవునికి తెగగోయుటకు. పూర్వులు చేసిన దెల్ల మంచిదనువారును, చెడ్డదనువారును ఈ రెండు శాసనములను ప్రక్కప్రక్కన జదువవలెను. మెట్లు నేటికిని నిలిచి యుపయోగపడుచున్నవి. ఆ యాత్మాహుతిని మన జనులే కాలక్రమమున విడిచిరి. విడుచుటయు ఆచారమే, అదియు మన పూర్వులనుండి వచ్చినదే.

ఇక నడచినవారి మాట. శాసనములు వారిని విడిచినను వాఙ్మయము పూర్తిగా విడువలేదు. 13వ శతాబ్దికి జెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమునందు పర్వతప్రకరణమును జేర్చి, శ్రీశైలమునకు బోవు యాత్రికుల గుంపులను కన్నులకు గట్టినట్లు వర్ణించినాడు. వారు పాడుకొను పాటలకు పేళ్లు గూడ చెప్పినాడు: తుమ్మెదపదములు, పర్వతపదములు, శంకరపదములు, నివాళిపదములు. రాజులు ఏమి దానము చేసిరో రాళ్లు చెప్పుచున్నవి; జనులు ఏమి పాడుకొనుచు నడచిరో సోమనాథుడు చెప్పుచున్నాడు. మన సాహిత్యమున సామాన్యుని నోటిపాటకు ఇట్టి సాక్ష్యము మిగులుట గొప్ప భాగ్యము.

తరువాత ఆరువందల యేండ్లకు, 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ కొండకు వచ్చెను. 1838లో అచ్చుపడిన ఆయన కాశీయాత్రచరిత్ర మన భాషలో తొలి గొప్ప యాత్రాగ్రంథము. అప్పటికి ఈ సీమ కందనూరు నవాబు నేలుబడిలో నుండెను. యాత్రికులనుండి పన్ను వసూలు చేయుచుండిరి. దేవుని జూడవచ్చిన బీదవాడు తొలుత సర్కారు మనిషిని జూడవలసి వచ్చెడిది. 1839లో ఇంగ్లీషు కుంఫిణీవారు కర్నూలును కలుపుకొనిరి. వీరాస్వామయ్య పల్లకిలో ప్రయాణము చేసినవాడు. పల్లకి మోసిన బోయీలను ఆయన మరువక తన గ్రంథమున మాటిమాటికి తలచుకొనెను. మోయించుకొన్నవాడు మోసినవానిని తలచుట చిన్న విషయము గాదు. అంతకుముందే 1794లో కాలిన్ మెకంజీ యను దొర యిక్కడికి వచ్చి, ప్రాకారపు గోడమీది బొమ్మలను విపులముగా వర్ణించి, 'పెర్వుట్టం' అని పేరు పెట్టి ప్రకటించెను. జనుల నోట వినబడిన 'పర్వతం' అనుమాటయే ఆ దొర కలమున అట్లు పడినది.

పెద్దచెరువు కడ చెంచుగూడెము గలదు. యాత్రికులకు నీళ్లందించుచుండిన ఒక చెంచుపెద్దను మేము పలుకరించితిమి. "ఈ మెట్లు లేకుంటే ఎట్లా ఎక్కేవారు పెద్దాయనా?" అని మావారిలో నొకరడిగిరి. ఆయన నవ్వి, "మెట్లు మీకు సామీ, మాకు గాదు. మా మల్లన్న దగ్గరకు మాకు మెట్లెందుకు?" అనెను. మల్లన్న చెంచులయల్లుడని ఆ యడవిలో నానుడి. చెంచుపిల్లను బెండ్లాడిన దేవుడు కదా! ఆ జవాబు మమ్ము చాల దూరము వెంటాడెను. రాజు మనుష్యులు అడవిలో జొచ్చి మెట్లు వేయునపుడు ఏ వాగు ఏ కాలమున నిండునో, ఏ గుట్ట చుట్టుకొనిపోయిన నీరు దొరకునో, వారికి దారి చూపినవా రెవరు? అడవి నెరిగినవారే కదా చూపవలెను. అట్లయిన మెట్లకుముందు ఒక కాలిబాట యున్నది. ఆ బాటకు శాసనము లేదు.

మూడవనాటి ప్రొద్దుట కైలాసద్వారము దాటి పర్వతము జేరితిమి. గుడి ప్రాకారపు వెలిగోడపై వరుసలు వరుసలుగా చెక్కిన ఏనుగులను, గుర్రపురౌతులను, వేటకాండ్రను, సిద్ధులను పిల్లలు చాలసేపు చూచిరి. రాతిపనివాని కొడుకు బొమ్మలకంటె రాళ్ల యతుకులనే యెక్కువగా చూచెను. శ్రీశైలమున ఒక గొప్ప వాడుక గలదు: కులభేదము లేక భక్తులెల్లరు మల్లికార్జునలింగమును చేత తాకి, తల యానించి మ్రొక్కుట. రద్దీ పెరిగినకొలది దానికి వేళలును టిక్కెట్లును ఏర్పడినవి గాని, ఆ వాడుకలోని ధర్మము మాసిపోలేదు. దేశమున నింక ననేక గుళ్లలో రాయి కొట్టినవాడు, గోడ పెట్టినవాడు, గర్భగుడిమీద శిఖర మెక్కించినవాడు, పని ముగిసిన మరునాడే గడపకు వెలి యయ్యెను. దేవుడు గుడిలోనికి వచ్చువరకే వాడు లోపల నుండవచ్చును. మద్రాసు రాజధానిలో ఆ గడపను చట్టముచే దాటింప 1947వరకు పట్టినది. కట్టించినవారి పేళ్లు మాత్రమే తలచుకొను చరిత్రమునకును, కట్టినవారిని వెలిపెట్టిన ఆచారమునకును చుట్టరికము లేదని మేము చెప్పజాలము. ఒకదానిలో పేరునకు ప్రవేశము లేదు, రెండవదానిలో మనిషికి లేదు.

ఇక్కడ నొక యాక్షేపణ రావచ్చును. "రాజు ధనమియ్యక పోయిన మెట్లెక్కడివి? ఊరక రాళ్లు కొట్టువా డుండునా?" యని కొందరందురు. నిజమే. ధనమును, తలంపును, ఏర్పాటును గొప్పవియే. శాసనకర్తలు సైతము అబద్ధమాడలేదు. వారు 'కట్టెను' అని చెక్కింపలేదు, 'కట్టించెను' అనియే చెక్కించిరి. తెలుగుభాష ఎంత నిజాయితీ గలది! ఆ 'ఇంచు' అను చిన్న ప్రత్యయములో వందలకొలది చేతులు దాగియున్నవి. వ్రాసినవారు దాచలేదు, చదివిన మనమే వానిని గుర్తింపక దాటిపోవుచున్నాము. కొన్ని శాసనముల చివర దానిని చెక్కిన ఓజు పేరు గూడ కానవచ్చును. పండితులు శ్లోకమును శ్రద్ధగా పరిష్కరించి, రాజవంశమును వివరించి, ఆ కడపటి పేరు కడ తొందరపడుదురు. మేమును తొందరపడినవారమే.

తిరుగుప్రయాణమున బస్సులో కృష్ణ మీది ఆనకట్టను పిల్లలకు జూపితిమి. 1963లో దానికి శంకుస్థాపన జరిగినది. 1980 ప్రాంతమున నీరు నిలిచినది. ఆ నీటిక్రింద ఊళ్లు మునిగినవి, గుళ్లు కొన్ని ఆలంపురమువంటి చోట్లకు తరలినవి. ఆనకట్టను ఎవరు కట్టించిరో పుస్తకములలో గలదు. దానిని కట్టినవారిలోను, దానికై ఊళ్లు విడిచినవారిలోను అనేకులు మన కండ్లయెదుట నింకను జీవించియున్నారు. ఏడువందల యేండ్లనాటి మెట్లను కొట్టినవారి పేళ్లు ఇక దొరకవు. యాబదియేండ్లనాటి పనివారి పేళ్లను గూడ పోనాడుకొనుట మాత్రము మన చేతిలోని దోషము.

కావున మా మనవి యిది. కాలిదారి మెట్లను అడవిపాలు గానీయక, యాత్రాదినములు దప్పినను ఏటేట బాగుచేయించవలెను. ఆ పనియందు గూడెముల చెంచులకు కూలియు మర్యాదయు గలుగవలెను. మెట్లకడ నిలువబెట్టు పలకలమీద వేమారెడ్డి పేరును, విఠలాంబ పేరును వ్రాయుడు. వాని క్రింద రాయి నెట్లు చీల్చిరో, మెట్టు నెట్లు పేర్చిరో గూడ వ్రాయుడు. ఉపాధ్యాయులు తమ యూరి గుడి, చెరువు, బడి వీనిని కట్టినవారిలో బ్రతికియున్న ముదుసలుల పేళ్లను పిల్లలచేత వ్రాయింపవలెను. ఇందులకు పెద్ద చదువక్కరలేదు. ఊరి నడుమ అరుగుమీద గూర్చుండిన చాలును.

మేము బడికి మరలి వచ్చిన వారమునకు అదే పాఠము వచ్చెను. నల్లబల్లమీద "ప్రోలయవేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు గట్టించెను" అని యెప్పటివలెనే వ్రాసితిమి. అందులో అబద్ధము లేదు. కాని ఈ మారు 'ఇంచు' క్రింద ఒక గీత గీచి, రాతిపనివాని కొడుకును లేపి, రాయి చీల్చు విధమును తరగతికి చెప్పుమంటిమి. వాడు మొదట సిగ్గుపడెను. తరువాత ఉలి పట్టు విధము, సమ్మెట పడు కోణము, రాయి చీలునపుడు వచ్చు చప్పుడు, అన్నియు గంట గొట్టువరకు చెప్పెను. ఆనాటి చరిత్ర పాఠము మేము చెప్పినది గాదు, చెప్పించినది.